నయా ఉదారవాదం: తగ్గింది రాజ్యమా, ఓటు చేరగలిగిన దూరమా?

నీలిసిరా (చర్చను ప్రారంభించినవారు)

నయా ఉదారవాదం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా మనం "ప్రభుత్వం పక్కకు తప్పుకుని మార్కెట్టుకు దారి ఇవ్వడం" అన్న నిర్వచనాన్ని చెప్పేసి వెంటనే వాదనలోకి దూకుతుంటాం. ఆ నిర్వచనమే మనల్ని దారి తప్పిస్తోందన్న అనుమానం నాకు చాలాకాలంగా ఉంది. చిలీలో ఎన్నికైన ప్రభుత్వాన్ని 1973 సెప్టెంబరు 11న సైన్యం కూలదోసిన తరువాతే ధరలపై అదుపు ఎత్తివేయడం, ప్రభుత్వ సంస్థలను అమ్మడం మొదలయ్యాయి. సమ్మెకు దిగిన 11,000 మందికి పైగా విమాన రాకపోకల నియంత్రణ సిబ్బందిని అమెరికా ప్రభుత్వం 1981 ఆగస్టులో ఒక్క వేటుతో తొలగించింది. 1984-85 నాటి గని కార్మికుల సమ్మెను ఓడించడానికి బ్రిటిష్ ప్రభుత్వం ముందుగానే బొగ్గు నిల్వలు పోగుచేసుకుని, దేశం నలుమూలల నుంచీ పోలీసులను గనుల వద్దకు తరలించింది. 2008లో బ్యాంకులు కుప్పకూలినప్పుడు ఖజానాల తలుపులు ఎంత వేగంగా తెరుచుకున్నాయో అందరం చూశాం. ఇంత చురుకుగా పనిచేసిన రాజ్యాన్ని తప్పుకున్న రాజ్యమని ఎలా అనగలం?

నా ప్రతిపాదన ఇది. వడ్డీ రేటు ఎంత ఉండాలి, నీటి సరఫరా ఎవరి చేతిలో ఉండాలి, పింఛను సొమ్ము ఎక్కడ పెట్టుబడి కావాలి వంటి నిర్ణయాలను ఎన్నికల ఫలితం తాకలేని చోటికి తరలించడమే ఈ విధానపు అసలు స్వభావం. ఇది నిజమైతే, ప్రత్యామ్నాయాన్ని "ప్రభుత్వ రంగాన్ని పెంచడం" అని కాకుండా "నిర్ణయాన్ని తిరిగి దాని ప్రభావం పడే మనుషుల చేతికి తేవడం" అని వెతకవలసి ఉంటుంది. అలాంటి ప్రయత్నాలు ఎక్కడెక్కడ జరిగాయి, వాటికి ఏం జరిగింది అన్నదానిపై సభ్యుల అభిప్రాయాలు కోరుతున్నాను.

తూనిక

నిర్వచనం విషయంలో నీలిసిరా గారితో ఏకీభవిస్తున్నాను. ఈ భావజాల కర్తలు కూడా రాజ్యం తప్పుకోవాలని కోరలేదు. 1938లో అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ పేరిట పారిస్‌లో జరిగిన గోష్ఠిలోనూ, 1947లో స్విట్జర్లాండ్‌లో ఆర్థికవేత్త ఫ్రీడ్రిక్ హాయెక్ చొరవతో ఏర్పడిన మాంట్ పెలెరిన్ సంఘంలోనూ పాల్గొన్నవారిలో చాలామంది, పంతొమ్మిదో శతాబ్దపు "జోక్యం వద్దు" అన్న సూత్రం విఫలమైందని ఒప్పుకున్నవారే. మార్కెట్టు దానంతట అది నిలబడదు కాబట్టి దానికి చట్టాల చట్రాన్ని బలమైన రాజ్యమే బిగించాలన్నది వారి వాదన. ఆ రాజ్యం ఓటర్ల ఒత్తిడికి లొంగకూడదన్నదే వారి ఆందోళన. ఉదారవాదం లేని ప్రజాస్వామ్య ప్రభుత్వం కంటే ఉదారవాదాన్ని పాటించే నియంతే తనకు నయమని 1981లో చిలీ పత్రిక ఒకదానితో హాయెక్ స్వయంగా చెప్పారు.

అయితే భావాలు ఉన్నంత మాత్రాన చరిత్ర మారదు. పాతికేళ్ల పాటు వీరి మాట పెద్దగా చెల్లలేదు. 1971 ఆగస్టు 15న డాలరుకూ బంగారానికీ ఉన్న ముడిని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తెంచేశారు, 1973-74లో చమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం రెండూ ఒకేసారి పెరగడంతో అప్పటిదాకా చెలామణి అయిన ఆర్థిక శాస్త్రం దగ్గర సమాధానం లేకపోయింది. సిద్ధంగా ఉన్న మందు వీరి దగ్గరే ఉంది. పైగా దాన్ని మొదట వాడినవారందరూ కుడిపక్షపు మితవాదులు కారు. 1976లో అంతర్జాతీయ ద్రవ్య నిధి నుంచి 390 కోట్ల డాలర్ల అప్పుకోసం వెళ్లి ప్రభుత్వ వ్యయాన్ని కోసింది బ్రిటన్ లేబర్ ప్రభుత్వమే. న్యూజీలాండ్‌లో 1984 తరువాత ఈ సంస్కరణలను ఆగమేఘాల మీద తెచ్చింది కూడా అక్కడి లేబర్ పార్టీయే.

పాతలెక్క

నేను ఈ వేదికలో తరచుగా అవతలి పక్షం వహిస్తానని మీకు తెలుసు, ఈసారి కూడా అదే పని. 1975లో బ్రిటన్‌లో ద్రవ్యోల్బణం 24 శాతం ఉంది. జీతం మీద బతికేవాడికి అది సిద్ధాంత చర్చ కాదు. అక్కడి మితవాద నాయకురాలు మార్గరెట్ థాచర్ 1979, 1983, 1987లలో వరసగా మూడు ఎన్నికలు గెలిచారు. పురపాలక సంఘాల ఇళ్లను అందులో అద్దెకున్నవారికే తగ్గింపు ధరకు అమ్మే చట్టం 1980లో వచ్చింది, దశాబ్దం తిరిగేలోగా పది లక్షలకు పైగా కుటుంబాలు ఇష్టపూర్వకంగా కొనుక్కున్నాయి. ఓటు చేరలేని చోటికి నిర్ణయాలు తరలిపోయాయని మీరంటున్నారు. వాటిని అక్కడికి మోసుకెళ్లింది ఓటే కదా? దీనికి సమాధానం లేకుండా ప్రత్యామ్నాయాల జాబితా వేసుకోవడం, పునాది చూడకుండా పైకప్పుకు రంగులు ఎంచుకోవడమే అవుతుంది.

ఇంకొక మాట. 1945 తరువాతి సంక్షేమ రాజ్యాన్ని స్వర్ణయుగంగా చూపడం కూడా నాకు అభ్యంతరమే. మగవాడు సంపాదిస్తాడు, ఆడది ఇల్లు చూసుకుంటుంది అన్న ఊహ మీద కట్టిన వ్యవస్థ అది. కిటికీ అవతల గుమాస్తా చెప్పిందే వేదమన్న అనుభవం దానిపై కోపాన్ని పెంచింది, ఆ కోపాన్నే ఇతరులు సొమ్ము చేసుకున్నారు.

నీలిసిరా

పాతలెక్క గారి రెండో అంశాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మొదటిదాన్ని సగమే ఒప్పుకుంటాను. ఆ మూడు ఎన్నికలలో దేనిలోనూ థాచర్ పార్టీకి 44 శాతం ఓట్లు రాలేదు. అయినా అది ఎన్నికల పద్ధతికి సంబంధించిన సంగతి, దాని వెనుక దాక్కోను. గెలుపు గెలుపే.

నేను చూస్తున్న తేడా మరొకటి. ఒక ఓటుతో వచ్చినదాన్ని మరొక ఓటుతో తీసివేయగలగాలి. ఇక్కడ ఆ దారి మూసుకుపోయేలా పని జరిగింది. అమ్మిన ఇల్లు తిరిగి రాదు. న్యూజీలాండ్ 1989 చట్టంతో కేంద్ర బ్యాంకుకు ధరల స్థిరత్వాన్నే ప్రధాన లక్ష్యంగా నిర్దేశించింది. 1992లో యూరప్ దేశాల మధ్య సంతకాలైన మాస్ట్రిక్ట్ ఒప్పందం యూరోపియన్ కేంద్ర బ్యాంకుకు ఏ ప్రభుత్వమూ ఆదేశాలు ఇవ్వరాదని రాసుకుంది, ఆ వాక్యాన్ని మార్చాలంటే సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి. చిలీలో నియంతృత్వం కింద రాసిన 1980 రాజ్యాంగం, నియంత దిగిపోయి దశాబ్దాలు గడిచినా, ఎన్నో సవరణల తరువాత కూడా నేటికీ అమలులో ఉంది.

చిత్రిక

మీ ఇద్దరి మాటలలోనూ ఓటు వేసిన దేశమే విధానాన్ని అనుభవించిన దేశం. ప్రపంచంలో ఎక్కువమందికి ఇది అలా రాలేదు.

అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ తమ దేశపు ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వడ్డీ రేట్లను పెంచగా, 1981 నాటికి అవి 20 శాతం చుట్టుపక్కలకు చేరాయి. మారే వడ్డీ మీద డాలర్లలో అప్పులు తెచ్చుకున్న లాటిన్ అమెరికా దేశాలకు, తాము ఏ నిర్ణయమూ తీసుకోకుండానే, చెల్లించవలసిన మొత్తం పెరిగిపోయింది. 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేనని చెప్పింది. ఆ తరువాత ఒక్కొక్క దేశమూ ద్రవ్య నిధి, ప్రపంచ బ్యాంకుల వాకిట్లో నిలబడి నిర్మాణాత్మక సర్దుబాటు పేరిట షరతులకు సంతకం పెట్టవలసి వచ్చింది. సబ్సిడీలు కోయడం, ప్రభుత్వ సంస్థలు అమ్మడం, దిగుమతి సుంకాలు తగ్గించడం ఆ షరతులలో ప్రధానం. 1989లో జాన్ విలియమ్సన్ అనే ఆర్థికవేత్త ఈ విధానాలను పది అంశాలుగా కూర్చి "వాషింగ్టన్ ఏకాభిప్రాయం" అని పేరు పెట్టారు. ఏకాభిప్రాయం అన్న మాటలో వాషింగ్టన్ బయట ఉన్నవారి వాటా ఎంత అని అడగాలనిపిస్తుంది.

ద్రవ్య నిధిలో ఓట్లు తలకొకటి కాదు, దేశానికొకటి కూడా కాదు, చెల్లించిన వాటాను బట్టి ఉంటాయి. అతి ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి. లెక్క మీరే వేసుకోవచ్చు. కాబట్టి ప్రజాస్వామ్య ప్రత్యామ్నాయం అనేది నగరం, కర్మాగారం, దేశం అనే మెట్ల దగ్గరే ఆగిపోతే, అసలు తాళం ఉన్న గదిని వదిలేసినట్టే.

వేగుచుక్క

నేను కొత్తగా చేరాను, క్షమించాలి. ప్రత్యామ్నాయం అంటే ప్రజలే నేరుగా ఖర్చు నిర్ణయించడమా? ఒక ఉదాహరణను ఎవరైనా వివరంగా చెప్పగలరా?

సాలెగూడు

వేగుచుక్క గారు, మీరు అడిగినదానికి దగ్గరగా ఉన్నది బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె. సైనిక పాలన ముగిసిన కొద్దికాలానికే కార్మికుల పార్టీ ఆ నగర పాలనను గెలుచుకుని 1989లో భాగస్వామ్య బడ్జెట్ పద్ధతిని మొదలుపెట్టింది. నగరాన్ని 16 ప్రాంతాలుగా విభజించారు. ప్రతి ప్రాంతంలో ఎవరైనా రాగలిగే సభలు జరిగేవి. అక్కడ తమకు మురుగు కాలువ ముందా, రోడ్డు ముందా, పాఠశాల ముందా అని తేల్చుకుని ప్రతినిధులను ఎన్నుకునేవారు. ఆ ప్రతినిధుల మండలి నగరపు పెట్టుబడి ఖర్చును పంచేది. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది పంపకపు సూత్రం. ఒక ప్రాంతపు జనాభా, ఆ సౌకర్యం అక్కడ ఎంత కొరతగా ఉంది, అక్కడి సభ దానికి ఎంత ప్రాధాన్యం ఇచ్చింది అన్న మూడింటికీ మార్కులు వేసేవారు కాబట్టి, గొంతు పెద్దదైన పేట కంటే లోటు పెద్దదైన పేటకు ఎక్కువ సొమ్ము వెళ్లేది. ఏ పేటకు ఎంత వచ్చిందో, ఎందుకు వచ్చిందో లెక్క అందరికీ కనిపించేది.

లోపం కూడా చెప్పాలి. జీతాలు, పాత అప్పులు, పన్నుల స్వరూపం ఈ సభల పరిధిలోకి వచ్చేవి కావు. మిగిలిన పెట్టుబడి భాగమే వారి చేతిలో ఉండేది. 2004లో ఆ పార్టీ నగరంలో ఓడిపోయింది. కొత్త పాలకులు పద్ధతిని రద్దు చేయలేదు, నిధులు తగ్గిస్తూ పేరును మాత్రం నిలిపారు. 2017లో దాన్ని నిలిపివేశారు. విచిత్రమేమిటంటే, సొంత ఊళ్లో చిక్కిపోతున్న రోజులలోనే అది ప్రపంచమంతటా వేల నగరాలకు పాకింది, ప్రపంచ బ్యాంకు మెప్పు కూడా పొందింది. చాలాచోట్ల అది బడ్జెట్‌లో చిల్లర భాగాన్ని పంచే వేడుకగా మిగిలింది.

1996లో కేరళ మొదలుపెట్టిన ప్రజా ప్రణాళికను ఇక్కడ పోల్చి చూడవచ్చు. రాష్ట్ర ప్రణాళికా నిధులలో 35 నుంచి 40 శాతాన్ని స్థానిక సంస్థలకు అప్పగించడమే కాక, తరువాత దానికి చట్టపు ఆధారం కల్పించడం వల్ల, ప్రభుత్వాలు మారినా వికేంద్రీకరణ చట్రం కూలిపోలేదు.

గడియారంముల్లు

భాగస్వామ్య బడ్జెట్ ప్రజలు కట్టిన పన్నును ఎలా ఖర్చు పెట్టాలో అడుగుతుంది. సంపద పుట్టే చోట యజమాని ఎవరు అన్న ప్రశ్నను అది తాకదు. ఆ ప్రశ్నను ఎన్నికల ప్రజాస్వామ్యంలో అందరికంటే సూటిగా అడిగింది స్వీడన్ కార్మిక సంఘాల సమాఖ్య అని నా అభిప్రాయం. కొంచెం వివరంగా రాయడానికి అనుమతించండి.

అక్కడి సంఘాలు "ఒకే పనికి ఒకే జీతం" అన్న సూత్రంతో దేశమంతటికీ కలిపి బేరమాడేవి. లాభాలు తక్కువగా ఉన్న కంపెనీ కూడా ఆ జీతం ఇవ్వవలసిందే, ఇవ్వలేకపోతే మూసుకోవాలి, కార్మికులకు వేరే పని చూపే బాధ్యత ప్రభుత్వానిది. దీనివల్ల ఒక ఇబ్బంది వచ్చింది. బాగా లాభాలొచ్చే కంపెనీలో కార్మికులు అడగగలిగి ఉండీ అడగని జీతం, యజమానికి అదనపు లాభంగా మిగిలిపోయేది. అంటే కార్మికుల ఐకమత్యమే సంపదను కొద్దిమంది దగ్గర పోగుచేస్తోంది. సమాఖ్య ఆర్థికవేత్త రుడాల్ఫ్ మైడ్నర్ నాయకత్వంలో తయారై 1976లో సమాఖ్య మహాసభ ఆమోదించిన ప్రణాళిక దీనికి చూపిన పరిష్కారం ఇది: పెద్ద కంపెనీలు ఏటా తమ లాభంలో 20 శాతం విలువకు కొత్త వాటాలు జారీ చేసి కార్మికుల ఉమ్మడి నిధులకు ఇవ్వాలి. నగదు కంపెనీ దాటిపోదు, పెట్టుబడి ఆగదు, కానీ ఏళ్లు గడిచేకొద్దీ యాజమాన్యం చేతులు మారుతుంది. లాభం ఎంత ఎక్కువైతే మార్పు అంత త్వరగా వస్తుంది.

యజమానుల ప్రతిఘటన తీవ్రంగా ఉంటుందని ఎవరైనా ఊహించగలరు. 1983 అక్టోబరు 4న పదుల వేలమంది స్టాక్‌హోమ్ వీధులలో నిధులకు వ్యతిరేకంగా ఊరేగారు, వ్యాపారులు ఊరేగింపు తీయడమే ఒక వింత. అయితే అసలు దెబ్బ లోపలి నుంచే తగిలిందని నేననుకుంటాను. అదే డిసెంబరులో, ఎంతో పలచబరిచిన బిల్లును పార్లమెంటులో చర్చిస్తుండగా, ఆర్థిక మంత్రి షెల్-ఊలోఫ్ ఫెల్ట్ తన బల్ల మీద ఆ నిధులను ఎగతాళి చేస్తూ పద్యం గిలకడం, ఒక విలేకరి దాన్ని ఫొటో తీయడం జరిగాయి. ప్రభుత్వం తాను తెస్తున్న చట్టాన్ని తానే నమ్మలేదని దేశమంతా చదువుకుంది. 1991 ఎన్నికల తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ నిధులను రద్దు చేసింది.

మామూలు కార్మికుడికి ఆ నిధిలో తన పేరిట ఏమీ కనిపించకపోవడమే దాన్ని కాపాడేవారు లేకపోవడానికి కారణమని నా అంచనా. థాచర్ అమ్మిన ఇంటి తాళంచెవి మనిషి చేతిలో ఉంది. మైడ్నర్ నిధి సంఘం కార్యాలయంలో ఉంది.

పాతలెక్క

గడియారంముల్లు గారి చివరి రెండు వాక్యాలు నేను రాయవలసినవి.

సహకార పద్ధతి గురించి ఎవరూ అడగకముందే చెబుతాను. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో 1956లో మొదలైన మోండ్రగోన్ సహకార సంఘాల సమూహంలో సభ్యుడికి ఒక ఓటు, తన సొంత పెట్టుబడి ఖాతా రెండూ ఉన్నాయి, అందుకే అది నిలిచిందని నమ్ముతాను. అయినా 2013లో దాని గృహోపకరణాల సంస్థ ఫాగోర్ దివాలా తీసింది. స్థానిక సభ్యులలో చాలామందిని ఇతర సహకార సంఘాలలో సర్దగలిగారు. విదేశాలలోని అనుబంధ కర్మాగారాలలో పనిచేసినవారు సభ్యులు కారు కాబట్టి వారికి ఆ రక్షణ లేదు. ప్రజాస్వామ్యం కంచె లోపల ఆగిపోయింది.

తూనిక

తిరిగి రానివాటి గురించి ఇంత చెప్పుకున్నాం కాబట్టి తిరిగి వచ్చినదాని గురించి కూడా చెప్పాలి. పారిస్ నగరం 2010 జనవరి 1న నీటి సరఫరాను రెండు ప్రైవేటు కంపెనీల నుంచి తన చేతిలోకి తీసుకుంది, మరుసటి ఏడాది ధరను 8 శాతం తగ్గించింది, వినియోగదారుల ప్రతినిధులకు నిర్వహణలో చోటిచ్చింది. ఒప్పందాల గడువు ముగిసేదాకా ఆగడం వల్ల పెద్ద నష్టపరిహారాల గొడవ తలెత్తలేదు. ఇందులో వీరగాథ లేదు, కాలెండరు చూసుకోవడం మాత్రమే ఉంది.

బొలీవియాలోని కోచబంబలో వీరగాథే జరిగింది. 2000లో నీటి ధరల పెంపుపై జనం వీధులలోకి వచ్చి విదేశీ కంపెనీ ఒప్పందాన్ని రద్దు చేయించారు. అయితే ఆ తరువాత ప్రభుత్వ నీటి సంస్థ చేతికి వచ్చిన సేవ చాలా పేటలకు చాలాకాలం సరిగా అందలేదు. పోరాటాన్ని నడిపిన సంఘాలు సంస్థను నడిపే యంత్రాంగంగా మారలేకపోయాయి. రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చదవవలసిందని కోరుతున్నాను.

చిత్రిక

నేను మొదట చెప్పిన తాళం ఉన్న గదికి మళ్లీ వెళ్తాను. 2015 జూలై 5న గ్రీసు ప్రజలలో 61 శాతం మంది రుణదాతల షరతులు వద్దని ఓటేశారు. అప్పటికే యూరోపియన్ కేంద్ర బ్యాంకు అత్యవసర నగదు సాయాన్ని పెంచకుండా ఆపడంతో గ్రీసు బ్యాంకులు మూతపడి ఉన్నాయి. జూలై 13 నాటికి ప్రభుత్వం అంతకంటే కఠినమైన షరతులకు ఒప్పుకుంది. ఫ్రాన్స్‌లో 1982లో బ్యాంకులను జాతీయం చేసిన అధ్యక్షుడు మిత్తెరాన్ ప్రభుత్వం, కరెన్సీ విలువను మూడుసార్లు తగ్గించాక 1983లో పొదుపు బాట పట్టింది. రెండుచోట్లా ఓటు ఉంది, డబ్బు సరిహద్దు దాటకుండా ఆపే పనిముట్టును వాడినా అది ఓటును కాపాడటానికి చాలలేదు.

ఆ పనిముట్టు ఏదో వింత ఊహ కాదు. 1944లో రాసిన ద్రవ్య నిధి ఒప్పంద పత్రమే పెట్టుబడి రాకపోకలపై అదుపు పెట్టుకునే హక్కును సభ్యదేశాలకు ఇచ్చింది. అదుపులు కొన్ని పరిస్థితులలో సమంజసమేనని 2012లో ఆ సంస్థే తిరిగి ఒప్పుకుంది. ఈ గోడ గట్టిగా నిలవకపోతే పోర్తో అలెగ్రె సభల వంటి, మైడ్నర్ నిధుల వంటి ఇళ్లు నిలబడటం కష్టం.

పాతలెక్క

గోడ కడితే చాలదు, లోపలివారు ఆ ఇంట్లో ఉండటానికి ఒప్పుకోవాలి. చిలీ సంగతి చూడండి. 1981లో సైనిక ప్రభుత్వం పింఛన్లను ప్రైవేటు నిధులకు మళ్లించింది, సైన్యానికి మాత్రం పాత పద్ధతినే ఉంచుకుంది. చెప్పేవి శ్రీరంగనీతులు అన్నట్టుంది. ఆ కోపం, ఇంకెన్నో కోపాలు కలిసి 2019 అక్టోబరులో మెట్రో ఛార్జీ 30 పెసోలు పెరగగానే పేలాయి. కొత్త రాజ్యాంగం కావాలని 2020లో 78 శాతం ఓటేశారు. ఎన్నికైన సభ రాసిన చిత్తుప్రతిని 2022 సెప్టెంబరులో 62 శాతం తిరస్కరించారు. మితవాదులు ఆధిపత్యం వహించిన రెండో చిత్తుప్రతి కూడా 2023 డిసెంబరులో ఓడిపోయింది. పాతది వద్దన్నవారంతా ఒకే కొత్తదాన్ని కోరలేదు. అందుకే నా షరతు ఒకటే: తనను తెచ్చిన పార్టీ ఓడిపోయాక కూడా బతికిన ప్రత్యామ్నాయ సంస్థను చూపండి, నేను తూకం మార్చుకుంటాను.

నీలిసిరా

న్యాయమైన షరతు. జర్మనీలో 1976లో వచ్చిన సహనిర్ణయ చట్టాన్ని చూపుతాను. 2,000 మందికి మించి సిబ్బంది ఉన్న కంపెనీలలో, యాజమాన్యం పనితీరును చూసే పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులకు చెందుతాయి. యజమానులు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి 1979లో ఓడిపోయారు. 1982 నుంచి 16 ఏళ్లు ఛాన్సలర్ హెల్ముట్ కోల్ నాయకత్వంలో సాగిన మితవాద ప్రభుత్వం దాన్ని ముట్టుకోలేదు.

పాతలెక్క

ఓట్లు చెరిసగం చీలితే మండలి అధ్యక్షుడికి రెండో ఓటు ఉంటుంది, ఆ అధ్యక్షుడు ఆచరణలో వాటాదారుల మనిషే. ఆ ఒక్క ఓటును వదులుకోవడమే దాని దీర్ఘాయువుకు చెల్లించిన ధర అని మీరు ఒప్పుకుంటారా?

నీలిసిరా

ఒప్పుకుంటాను. దానికి ముందు 1951లో బొగ్గు, ఉక్కు పరిశ్రమలకు చేసిన చట్టంలో ఆ లొసుగు లేదు. రెండు పక్షాలూ సమానంగా కూర్చుంటాయి, మొగ్గు తేల్చే ఓటు ఇద్దరికీ సమ్మతమైన తటస్థ సభ్యుడిది. ఆ చట్టం ఇప్పటికీ రద్దు కాలేదు. అయితే జర్మనీలోని చివరి నల్లబొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది, ఆ చట్టం వర్తించే చోటు ఇప్పుడు ప్రధానంగా ఉక్కు కర్మాగారాలే. దాన్ని మరే పరిశ్రమకూ ఎందుకు విస్తరింపజేయలేకపోయారో వివరించగలవారు ఈ వేదికలో ఎవరైనా ఉంటే, దయచేసి అక్కడి నుంచి కొనసాగించండి.